ఎండాకు పొగ

చోడవరం,
ఆదివారం

పైడితల్లికి నీ దాసు రాసేది. ఇక్కడ నేను, గేదె, దూడ బాగున్నాం. ముగ్గురిలో గేదెకే నీ మీద బెంగ ఎక్కువ. అక్కడ నువ్వు, మన కీర్తి, దాని చంటిగుంట కులాసా అని తలుస్తాను. ఈ ఉత్తరం కీర్తి చేత చదివించుకోకు. నువ్వే కూడబలుక్కుని చదువు. ఫోన్లో అయితే సగంలోనే తిట్లు మొదలెడతావని కాయితం పట్టాను.

"చెరుకు నరికేక ఎండాకు తగలెట్టేవా? పొగుంటే నేను రాను" అని రాయించావు కదా. తగలబెట్టలేదే. వరసల మధ్య పరిచేశాను. పక్క చేను రాము నవ్వాడు, "ఏటన్నా, సేనుకి పరుపేసేవా?" అని. నిరుడు కాలిన నేల మీద వాన పడి బూడిదంతా నూతిలో కలిసింది, గుర్తుందా? మొన్నటి వానని ఈ నేల ఆకు కిందే తాగేసింది. తడికి వానపాములు వచ్చాయి, వాటి కోసం గోరువంకలు వచ్చాయి. నరికిన మోళ్లకి పిలకలు నిగనిగలాడుతున్నాయి.

పెసర మడిలో దిష్టిబొమ్మకి నీ పాత చీర కట్టాను. పొద్దున్నే మంచులో దాన్ని చూసి రాము నువ్వే అనుకున్నాడు. నేను గట్టు వెనక దాక్కుని నవ్వు ఆపుకుంటున్నాను. వాడు తలగుడ్డ తీసి, "వచ్చేవా ఒదినా? ఊపిరి బాగుందా? నిరుడు ఆ నిప్పు మేం ఎట్టింది కాదొదినా. మా ఇంటిది కుమిలిపోతంది. దాంతో ఒక్కసారి మాటాడు" అన్నాడు.

బొమ్మ ఏం మాట్లాడుతుంది? నాకిక నవ్వు రాలేదు.

పైడీ, నిరుడు ఆ నిప్పు పెట్టింది నేనే. ఆకు ఎత్తడానికి బద్ధకమేసింది. గాలి తిరిగి పొగంతా ఇంటి మీదకి వచ్చింది. నువ్వు మూడ్రోజులు ఆసుపత్రిలో ఆయాసపడుతుంటే భయమేసి, రాము చేలోంచి నిప్పు పాకిందని అబద్ధం చెప్పాను. నువ్వేమో వాడి పెళ్లాం చిన్నమ్మిని నానా మాటలు అని, పలకడమే మానేశావు.

రాము బొమ్మతో మాట్లాడిన పూటే వాళ్లింటికి వెళ్లి చెప్పేశాను. రాము మొహం తిప్పుకున్నాడు. చిన్నమ్మి అంది: "నాకు సెప్తే సరిపోద్దా? అక్కకి సెప్పు. సెప్పేదాకా మా గుమ్మం తొక్కకు."

నువ్వు వచ్చాక ముందు చిన్నమ్మి దగ్గరికి వెళ్లు. తరవాత నా సంగతి చూద్దువు. ఈ ఏడు మన గాలిలో పొగ లేదు. నన్ను తిట్టడానికి సరిపడా ఊపిరి నీకు ఉంటుంది.

ఇట్లు,
నీ మొగుడు
దాసు