గేటు దగ్గర గుమాస్తా

తమ్ముడూ,

అక్కయ్య ఆశీస్సులు. మేమంతా క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. నేనూ మీ బావా బాగానే ఉన్నాం. దొరసాని పోయిందిరా. నేటికి పందొమ్మిది రోజులు. నీకు ఈ ఉత్తరం ఏ రేవులో అందుతుందో గానీ, ఒంట్లో కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఓడలో నలభై మందికి వండి పెట్టేవాడివి, నీ కంచం సంగతి నీకు గుర్తుండదు. వేళకి తిను.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. మొదటి రెండింటికీ ఇప్పుడే చెప్తాను. మూడోది రెండేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ నువ్వు అడుగుతున్నదే. దానికి చివర్లో వస్తాను, ఓపిక పట్టు.

కొట్టం రేకులు మార్పించాం. గాడిద దేనికైనా తట్టుకుంటుందని అందరూ అనుకుంటారు గానీ, దాని బొచ్చు నీళ్లన్నీ పీల్చుకుంటుంది. గంటసేపు వానలో తడిస్తే మర్నాడు దగ్గే. రేకులు బిగించిన మేస్త్రీ పైనుంచే, "గాడిదలకి ఇంత మంచి కప్పా సార్! మా ఇంటికే లేదు" అన్నాడు. మీ బావ ఊరుకుంటారా? "అయితే నువ్వూ వచ్చెయ్. రెండు పూటలా ఎండుగడ్డి గ్యారంటీ" అన్నారు.

ఆయన మోకాలు అలాగే ఉంది. ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి, రిటైరయ్యాక కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు కదా! ఊరి చివర రెండెకరాలు కొని గాడిదల్ని తెస్తానంటే నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "పాలివ్వవు, బరువు మోయించం, మరి దేనికండీ?" అంటే, "చూసుకోడానికి" అన్నారు. ఇప్పుడు గిట్టలు కత్తిరించేవాడు వచ్చినప్పుడల్లా ఆ మోకాలితోనే వంగి కాలు పట్టుకుంటారు. పచ్చగడ్డి ఎక్కువైతే కొవ్వెక్కి కాళ్లు పాడవుతాయని, పచ్చిక చుట్టూ తాడు కట్టి కాపలా కాస్తారు.

రెండు గాడిదలకీ పేర్లు పెట్టింది అమ్మేనని నీకు తెలుసుగా. బకెట్లో ఒక్క ఆకు పడినా ఆ నీళ్లు ముట్టదని దానికి దొరసాని. దాని వెనకే తల దించుకుని, సంతకం కోసం ఫైలు పట్టుకున్నవాడిలా నిలబడతాడని వాడికి గుమాస్తా. పొద్దున్నే దొరసాని అమ్మ గది కిటికీలోంచి మూతి లోపలికి పెట్టేది. అమ్మ మంచం మీంచే దాని చెవుల వెనక గోకేది. మన పక్కన నిలబడితే మెల్లిగా మన మీదికి ఒరిగి, బరువంతా మనకే వదిలేసేది. ఆ బరువు ఎంత హాయిగా ఉండేదో! చిన్నప్పుడు నాన్న నిన్ను "అడ్డగాడిదా" అని తిట్టేవాడు కదా, గాడిదల గురించి పాపం ఆయనకేమీ తెలియదని నాకిప్పుడు అర్థమవుతోంది.

ఆ రోజు పొద్దున దొరసాని లేవలేదు. కడుపు వైపే తల తిప్పి చూసుకుంటోంది. పశువుల డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, "మధ్యాహ్నం దాకా చూద్దామండీ" అని ఇంకో ఇంటికి వెళ్లింది. పదకొండు కాకుండానే ప్రాణం పోయింది. మీ బావ దాని మెడ మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయారు. కాబట్టి చేయవలసినవన్నీ నేనే చేశాను. దాన్ని తీసుకెళ్లడానికి ట్రాక్టరు వాడికి ఫోన్ చేశాను. గుమాస్తా అప్పుడు పచ్చికలో ఉన్నాడు. చూస్తే తట్టుకోలేడని, వాణ్ని తీసుకెళ్లి వెనక కొట్టంలో పెట్టి గడియ వేశాను. ట్రాక్టరు చప్పుడు విని లోపల తలుపు తన్నాడు. నేను గడియ తియ్యలేదు.

సాయంత్రం వదిలితే తిన్నగా దొరసాని పడుకునే చోటికి వెళ్లాడు. తర్వాత నీళ్ల తొట్టి దగ్గరికి, తర్వాత అమ్మ కిటికీ దగ్గరికి. ఆఖరికి గేటు దగ్గర నిలబడి అరవడం మొదలుపెట్టాడు. గాడిద ఓండ్రపెడితే ఊరంతా నవ్వుతుంది కదా, ఈ అరుపు విని ఎవరూ నవ్వలేదు. మూడు రోజులు గడ్డి ముట్టలేదు. నాలుగో రోజు డాక్టరమ్మ వచ్చింది.

"రెండోదానికి చూపించారా?" అని అడిగింది.

"లేదమ్మా. చూస్తే బెంగపెట్టుకుంటాడని..."

"అయ్యో, చూడనివ్వాల్సిందండీ! కాసేపు దగ్గర నిలబడి, వాసన చూసుకుని, తనే పక్కకి వచ్చేస్తుంది. చూడకపోతే ఎక్కడికో వెళ్లిందనుకుని వెతుకుతూనే ఉంటుంది. ఇంకో రెండ్రోజులు తినకపోతే ఇది కూడా దక్కదు. ఆ పోయినదాని వాసన ఉన్నదేదైనా ఉందా ఇంట్లో?"

చలికాలంలో దొరసానికి కప్పే దుప్పటి ఉంది. ఆ పొద్దునే ఉతుకుదామని నేను బకెట్లో వేయబోతే మీ బావ లాక్కుని మేకుకి తగిలించారు. దాన్ని తెచ్చి గేటు మీద వేశాం. గుమాస్తా అందులో మొహం పెట్టి సాయంత్రం దాకా కదలలేదు. ఆ తర్వాత నీళ్లు తాగాడు. రెండు నోళ్లు గడ్డి తిన్నాడు. ఇప్పుడు కొంచెం కొంచెం తింటున్నాడు గానీ, రోజూ పొద్దున గేటు దగ్గరికి వెళ్లడం మాత్రం మానలేదు.

ఇక నీ మూడో ప్రశ్న. "పోయేముందు అమ్మ నన్ను అడిగిందా?" అని. అడగలేదనీ, నిద్రలోనే పోయిందనీ, అంతా ఒక్కరోజులో అయిపోయిందనీ రాశాను. అన్నీ అబద్ధాలేరా. తొమ్మిది రోజులు మంచంలో ఉంది. ప్రతిరోజూ నిన్ను అడిగింది.

ఆరో రోజున నువ్వు రేవు నుంచి ఫోన్ చేశావు. ఓడ రిపేరులో ఉంది, వారం దాకా కదలదు అన్నావు. "అమ్మకివ్వక్కా" అన్నావు. "పడుకుందిరా, బాగానే ఉంది" అన్నాను. అమ్మ కళ్లు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఫోన్ పెట్టేశాక, "చిన్నాడేనా?" అంది. "రాంగ్ నంబరమ్మా" అన్నాను. ఆ పూటే బయలుదేరితే నువ్వు రెండ్రోజుల్లో వచ్చేవాడివి. అమ్మ పోయిన రోజు సాయంత్రమే దహనం కూడా ముగించేశాను. నీకు కబురు ఆ తర్వాతే పంపాను.

నీ ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందని మీ బావతో అన్నాను. అదీ అబద్ధమే. పదకొండేళ్లు అమ్మకి మందులు వేసి, స్నానం చేయించి, పక్క మార్చింది నేను. నువ్వు ఏడాదికోసారి వచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, ఆవిడ మొహం చేటంత అయ్యేది. నన్ను చూసి ఎప్పుడూ అలా నవ్వలేదు. ఆఖరి రోజులైనా నాకే మిగలాలనుకున్నాను. అసూయరా అది. నీ మీద ఉన్న ప్రేమ ఏమైపోయిందో ఆ తొమ్మిది రోజులూ నాకే తెలియదు. నువ్వు మూడు నెలల తర్వాత వచ్చి, ఖాళీ మంచం మీద చెయ్యి వేసి, "నిజంగా అడగలేదా అక్కా?" అన్నప్పుడు కూడా తల అడ్డంగా ఊపాను.

క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఎంత తిట్టినా పడతాను. నాన్నలా "గాడిదా" అని మాత్రం అనకు, ఆ మాటకి నేను తగను.

దీంతోపాటు వచ్చే పార్సిల్లో అమ్మ శాలువా ఉంది. ఆఖరి రోజు దాకా కప్పుకున్నదే. రెండేళ్లుగా నా బీరువా అడుగున, నా ఒక్కదానికోసం దాచుకున్నాను. ఉతకలేదు.

ఇట్లు,
ఫోన్ అమ్మ దాకా ఇవ్వని
నీ అక్క