గుడారానికి ఇస్త్రీ

గువ్వ అమ్మకి,

ఇక్కడ గువ్వా నేనూ క్షేమమే. నీ సంగతి కూడా ఆ వరసలోనే రాయబోయి కలం ఆపాను. గుడారంలో పడుకునే చోట నీళ్లు కారుతున్నాయని నువ్వే రాశాక, క్షేమంగా ఉన్నావని తలుస్తాను అని నేను రాస్తే అది ఎగతాళి అవుతుంది. మీ శిబిరానికి సామాన్లు మోసే లారీ ఇక్కడి గోదాము నుంచి వారానికి ఒక్కసారే కదులుతుంది కదా. నువ్వు రాసిన వాన నా చేతికి వచ్చేసరికి పాతబడింది. ఈలోగా కొత్తవి ఎన్ని పడ్డాయో.

నువ్వు అడిగిన వాటన్నిటికీ జవాబులు రాస్తాను. వచ్చే ఏడాది వానలు అయ్యేదాకా ఉండిపొమ్మంటున్నారు, మొక్కలు నాటేవాళ్ల మీద మేస్త్రీగా పెడతామంటున్నారు, ఏమంటావు అని కాగితం అంచున చిన్న అక్షరాలతో అడిగావు చూడు, దానికి మాత్రం చివర్న రాస్తాను. నువ్వూ చివర్నే అడిగావు కాబట్టి తప్పు పట్టకు.

ముందు పిల్ల సంగతి. తిండికి పేచీ లేదు. బడికీ లేదు. నిద్ర దగ్గరే వచ్చింది చిక్కు. నువ్వు కొండ మీదికి వెళ్లిన దగ్గర్నుంచి మంచం ఎక్కనంటోంది. "అమ్మకి మంచం లేదుగా, నాకెందుకు?" అంటుంది. నచ్చజెప్పాను, కసిరాను, చివరికి బతిమాలాను. ఆ పంతం ఎవరి పోలికో ఈ ఉత్తరంలో రాయను. మన ఇస్త్రీ కొట్టు పక్కన గొడుగులు బాగుచేసే బాబాయి మా గోల వినలేక, ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాని పాత గుడారం ఒకటి అటక మీంచి దించి మా మొహాన పడేశాడు. బట్టలు ఆరేసే దొడ్లో వేశాం.

వేశాం అని ఒక్క మాటలో రాశాను గానీ, వేయడానికి ఒక పూట పట్టింది. ఆ కర్రలు ముక్కలు ముక్కలుగా ఉండి, లోపల రబ్బరు తాడుతో కలిసి ఉంటాయని నీకు తెలుసు. నాకు తెలియదు. ఒక కొసన గుడ్డలోకి దూర్చి, రెండో కొసన పట్టుకుని లాగాను. సగం ముక్కలు నా చేతిలోకి వచ్చాయి, సగం లోపలే ఉండిపోయాయి.

"నాన్నా, లాగకూడదు. తోయాలి," అంది గువ్వ.

"నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు లాగితే ఊడుతోందిగా. అందుకని తోయాలి."

తోస్తే వెళ్లింది. ఈ మాట నీకు తప్పకుండా రాయమంది. రాశాను.

ఇక చోటు. రాయీ రప్పా లేకుండా, మెత్తగా, చదునుగా ఉన్న జాగా చూసి వేశాను. తీరా అది మన ఉతుకుడు నీళ్లు పోయే దారి. ఇన్నేళ్లుగా ఆ దొడ్లో నీళ్లు పారబోస్తున్నవాణ్ణి, అవి ఎటు పోతాయో ఏనాడూ చూడలేదు. పొద్దున్నే అలవాటుగా తొట్టి ఒంపాను. లోపల్నుంచి కేక. "నాన్నా, నా పరుపు పడవైపోయింది!" ఏడుస్తుందనుకున్నాను, ఇంకోసారి ఒంపమంది. నువ్వు కూడా మెత్తటి నేల చూసి మోసపోకు. కాస్త మెరకగా ఉన్న చోట, గాలి వచ్చే వైపు గుడారం వీపు పెట్టి వేసుకో.

నీ ప్రశ్నలకు వస్తాను. ఇవి బాబాయిని అడిగి తెలుసుకున్నవి, నా తెలివి కాదు. వాన లేని రోజున కూడా పొద్దున లేచేసరికి లోపలి గోడలు తడిగా ఉంటున్నాయన్నావు. అది నీ ఊపిరేనట. రాత్రంతా చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుందట. చలికి భయపడి పైనున్న వల కిటికీ మూసేస్తున్నావు కాబోలు. కొంచెం తెరిచి ఉంచి, ఇంకో దుప్పటి కప్పుకో. అడుగున పరిచే పట్టా గుడారం కంటే చిన్నదిగా ఉండాలి. అంచు బయటికి వస్తే వాన నీటిని పట్టి తెచ్చి నీ కిందే పోస్తుంది. తడిస్తే గుడ్డ సాగుతుంది కాబట్టి వాన మొదలవగానే ఒకసారి బయటికి వెళ్లి తాళ్లు బిగించు. జిప్పు ఇరుక్కుంటే బలం చూపించకు. పాత పళ్ల బ్రష్షుతో ఇసుక దులిపి, కొవ్వొత్తి ముక్క రుద్దు. బ్రష్షూ కొవ్వొత్తీ ఈ ఉత్తరంతో పంపే మూటలో పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్కడా చిరగలేదు, కుట్లు ఊడలేదు, అయినా ఎవరో స్కేలు పెట్టి గీత గీసినట్టు వరసగా చుక్కలు కారుతున్నాయని రాశావు. ఆ ముక్క బాబాయికి చదివి వినిపించాను. ఆయన ఒక గొడుగు ఊచ వంచుతూ విన్నాడు.

"గీతలాగా కారుతోందంటే మడత దగ్గరే. ఎలా మడిచి పంపావేంట్రా?"

"బాగానే మడిచాను బాబాయ్. ఇస్త్రీ చేసి మరీ."

ఆయన ఊచ కింద పెట్టాడు. "దేన్ని?"

"పైన కప్పే గుడ్డని. సన్నటి వేడి మీదే. మీద నూలు గుడ్డ కూడా పరిచాను."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! గుడారం ఏమన్నా ఉద్యోగంలో చేరుతోందట్రా, మడత నలగకుండా పంపడానికి?"

ఆ తర్వాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పి నవ్వించాడు. ఇప్పుడు వీధిలో నా పేరు గుడారం ఇస్త్రీ. నవ్వడం అయ్యాక విషయం చెప్పాడు. నీళ్లు ఆగడానికి గుడ్డ లోపలి వైపు సన్నటి పూత ఉంటుంది. వేడి తగిలితే అది బిరుసెక్కుతుంది. దాన్ని మళ్లీ మళ్లీ ఒకే మడత మీద మడిస్తే పగులుతుంది. నీ మొదటి ఉత్తరంలో ఒక మాట రాశావు, గుర్తుందో లేదో. "శిబిరం మారినప్పుడల్లా నువ్వు వేసిన మడతల మీదే మడుస్తున్నాను, అవి చెడనివ్వడం లేదు" అని. చదివి గర్వపడ్డాను. నేను పాడుచేసి ఇచ్చినదాన్ని నువ్వు జాగ్రత్తగా ఇంకా పాడుచేశావు.

ఎందుకు చేశానని నువ్వు అడగవు గానీ చెబుతాను. నువ్వు బయల్దేరే ముందు సాయంత్రం పిల్లకి జడ వేస్తూ ఏవేవో జాగ్రత్తలు చెబుతున్నావు. నాకేమో నీకు చెప్పడానికి ఒక్క మాటా దొరకలేదు. ఇస్త్రీ పెట్టె వేడిగా ఉంది. గుడారం బల్ల మీద ఉంది. నాకు వచ్చిన పని అదొక్కటే, అది చేశాను.

బాబాయి మాట మీద ఊరికే ఊరుకోకుండా, ఆ పాత గుడారం మీద ఒక మూల నీ దానికి చేసినట్టే ఇస్త్రీ చేసి, మడిచి, విప్పి, మళ్లీ మడిచాను. గువ్వ లోపల కూర్చుంది. నేను పైనుంచి చెంబుతో పోశాను.

"పడుతోందా?"

"పడుతోంది నాన్నా. నా ముక్కు మీదే పడుతోంది. నీకు గురి బాగా కుదిరింది."

తర్వాత బాబాయి ఇచ్చిన జిగురు రాసి, ఆరనిచ్చి, మళ్లీ పోశాను. ఒక చెంబు, ఇంకో చెంబు. లోపల్నుంచి మాట లేదు. ఏమైందోనని తెర ఎత్తి చూస్తే నిద్రపోతోంది. పొడి మొహంతో.

ఆ జిగురే పంపుతున్నాను. ఎండ కాసిన రోజు చూసి గుడ్డని నీడన పరుచు. లోపలి వైపు మడత గీతలన్నీ తడిగుడ్డతో తుడిచి, ఆరాక జిగురు సన్నగా రాయి. దండిగా రాస్తే ఊడొస్తుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, అంటుకోకుండా పైన కాస్త పౌడరు చల్లు. మురికైతే మంచినీళ్లతో తుడవడమే. సబ్బుపొడి దగ్గరికి రానివ్వకు. తడిది ఎప్పుడూ మూట కట్టకు, ముక్కిపోతుంది. వాన వదలక కట్టాల్సి వస్తే, సాయంత్రం దిగిన చోట ముందు విప్పేది అదే కావాలి. ఇక మీదట మడతలు వద్దు. ఏ కొస దొరికితే ఆ కొస పట్టుకుని సంచిలోకి కుక్కెయ్. గుడ్డని కుక్కమని నా చేత్తో రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టి, రెండు చొక్కాలు ఇస్త్రీ చేసి వచ్చాను. మిగిలింది రాయడం కష్టంగా ఉంది.

కారుతోందన్న నీ ఉత్తరం చదివినప్పుడు నాకు సంతోషం వేసింది. ఇంకేం, ఆ తడిలో ఎన్నాళ్లుంటుంది, మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తుంది అనుకున్నాను. గువ్వ పక్కనే ఉంది.

"అమ్మ తడిసిపోతుంటే నవ్వుతావేంటి నాన్నా?" అంది.

నవ్వుతున్నట్టు నాకు తెలియదు. దగ్గొచ్చినట్టు చేశాను.

అక్కడితో ఆగలేదు. మర్నాడే బాబాయిని అడిగాను, ఆ మర్నాడే జిగురు వచ్చింది, దొడ్లో పరీక్షా అయింది. లారీ బయల్దేరే రోజుకి అంతా సిద్ధంగా ఉంది. నేను గోదాముకి వెళ్లలేదు. పనుంది అనుకున్నాను. పని లేదు. కొట్లో కూర్చుని లారీ పోయిన చప్పుడు విన్నాను. నువ్వు ఇంకో వారం తడిశావంటే అది వాన చేసింది కాదు.

ఆ రోజు నుంచి నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను, వచ్చేస్తానని ఎక్కడైనా రాశావేమోనని. ఎక్కడా లేదు. కాలిపోయిన కొండ మీద నువ్వు నాటిన మొక్క కొత్త ఆకు తొడిగిందని ఒక పేజీ నిండా రాశావు. ఆకు కింద పురుగు ఉందని, దాన్ని వేళ్లతో తీశావని, వాసన ఎలా ఉందో కూడా రాశావు. ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక సంగతి గురించి నువ్వు నాతో అంతసేపు మాట్లాడటం నేనెరగను. గుడారం గురించి కూడా, కారకుండా ఎలా ఆపాలి అనే అడిగావు. ఇంకేమీ అడగలేదు. నన్ను ఏమంటావని అడిగేలోపే నీ జవాబు నువ్వు రాసేశావు, నేనే చూడలేదు.

ఉండు. మేస్త్రీగా ఉండమన్నారు కదా, ఉండు. బడి సెలవులకి పిల్లని తీసుకుని వీలైతే వస్తాను, వీలుకాకపోతే లేదు, ఉత్త మాట ఇవ్వను. నేను బాగుంటానని మాత్రం అనుకోకు. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికి రావాలంటే కాళ్లు రావడం లేదు. వంట చేసేటప్పుడు ఎక్కువ వండేస్తున్నాను. ఇది రాస్తే నీ మనసు మారుతుందేమోనని భయం ఉంది. రాయకపోతే మళ్లీ ఒక లారీని వదిలేసినట్టే. అందుకని రెండూ రాశాను. నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. నువ్వు ఉండు.

లారీ రేపు పొద్దున. మూట కట్టేశాను. డ్రైవరు చేతికి ఇచ్చి, లారీ గోదాము గేటు దాటి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడతాను. గువ్వ కూడా వస్తానంది, నన్ను చూసుకోవడానికట.

ఇట్లు,
గువ్వ నాన్న