సోర్షా ఎంచుకున్న ముసుగు

డర్వ్లా,

నువ్వొచ్చేసరికి మనవలతో వీధిలోకి వెళ్లుంటాను. వాళ్ల హాలోవీన్ కానుకలు అల్మరాలో ఉన్నాయి. కాహల్‌కి చీకట్లో మెరిసే ఎముకల బొమ్మలున్న చేతితొడుగులు, కవలలకి రబ్బరు సాలీళ్లు తీసిపెట్టు. చాక్లెట్ల జోలికి మాత్రం పోకు, పోయినేడు సగం నువ్వే లాగించావు.

సోర్షాకని నువ్వు చెప్పిన కుందేలు చెవులు కొనలేదు. పోయినేడు ముసుగులు చూసి బల్ల కింద దూరిన పిల్లేనా అనిపించింది! కొట్లోకెళ్లి అన్నిట్లోకీ వికారమైన మంత్రగత్తె ముసుగు పట్టుకుంది. "తాతా, ఇది నేనే పెట్టుకుంటే నాకు కనబడదుగా!" అంది. కొనక ఏం చెయ్యను?

చీకటి పడగానే ఆ ముసుగేసుకుని అదే వచ్చి తలుపు కొడుతుంది. హడలిపోయినట్టు వీధంతా వినబడేలా కేకపెట్టు.

ఫింటన్

నవ్వావో, నీతో పండగంతా మాట్లాడను.