తాడుకి అవతలి సమాధి

విజయవాడ,
ఆదివారం.

చిరంజీవి పాల్‌కి అమ్మ ముద్దులు, ఆశీస్సులు.

ఏసయ్య దయవల్ల నా మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. బిలాస్‌పూర్‌లో అప్పుడే చలి మొదలైందని రాశావు. స్వెట్టరు పెట్టెలో దాచుకోకుండా వేసుకో. ఫోను ఉండగా ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఫోనులో నేను రెండు మాటలు అనేలోపు నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు. ఇది మధ్యలో అడ్డుపడకుండా వినాల్సిన సంగతి.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. సమాధుల తోటకి ఆటోలోనే వెళ్తున్నాను, నడవడం లేదు. మాత్రలు వేసుకుంటున్నాను, చేదుగా ఉన్నది ఒక్కటే మానేశాను. నాన్న సమాధికి వేయించే రాయి మీద చెక్కాల్సిన మాటలు పంపావు, చూశాను. అంతా బాగుంది కానీ 'శాంతమూర్తి' అన్నది ఎక్కువైంది. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి, ఇంట్లో కూడా హారను మోగించినట్టే మాట్లాడేవారు. ఆ మాట తీసేయించు. రాయి కూడా ఇప్పుడే బిగించవద్దని చెప్పు. ఎందుకో రాస్తున్నాను.

నిరుడు బుడమేరు పొంగినప్పుడు మన తోట ఎలా అయిందో నీకు తెలుసు. మనకీ, పక్కనున్న సాయిబుల ఖబరస్తాన్‌కీ మధ్య గోడ పడిపోయింది. నీళ్ళు తీశాక మూరెడు ఒండ్రు మిగిలింది. సిలువలు కొట్టుకుపోయాయి, గుట్టలన్నీ చదునైపోయాయి. ఆ నవంబరులో సమాధుల పండుగకి ఎవరి చోటు వాళ్ళం అంచనా మీద వెతుక్కున్నాం. నేను సుబాబుల్ చెట్టు గుర్తు పెట్టుకుని మట్టి ఎగదోసి, సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాను. ఆ ఫోటోనే నీకు పంపాను. దాన్ని రోజూ చూసుకుంటున్నానని రాశావు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పూజ అయ్యాక అక్కడ గంటసేపు కూర్చున్నాను. మా ఇద్దరి కబుర్లూ నేనే చెప్పుకునేదాన్ని. ఖబరస్తాన్ గేటుకి ఎదురుగా చీరలకి ఫాల్స్ కుట్టే చిన్న కొట్టు ఉంది. ఆ కొట్టావిడ నేను వెళ్ళినప్పుడల్లా లేచి వచ్చి, గేటు ఊచలు పట్టుకుని నిలబడేది. మొదట్లో ఎవరి కోసమో ఎదురుచూస్తోందనుకున్నాను. ఎండాకాలం వచ్చేసరికి ఒకరినొకరు చూసి నవ్వుకునేంత పరిచయమైంది. పేరు మస్తాన్‌బీ.

నిన్న శనివారం రాయి కొలతల కోసం తోటకి వెళ్ళాను. గుంటలు తవ్వే ఆమోసు, గోడ మళ్ళీ కట్టడానికి పాత పునాది బయటికి తీసి, రెండు చివరలా మేకులు కొట్టి తాడు లాగాడు. ఆ తాడు నేను కూర్చునే చోటుకి ఇవతలగా పోయింది. తాడు వంకరగా కట్టావని అతన్ని నేనే కేకలేశాను. అతను గుట్ట పక్కన పారతో కాస్త తీసి చూశాడు. మనవాళ్ళని తూర్పు పడమరలుగా పడుకోబెడతాం. వాళ్ళు ఉత్తర దక్షిణాలుగా, మొహం పడమటికి తిరిగేలా పడుకోబెడతారు. ఒండ్రు కింద కనపడిన ఇటుకల వరుస ఉత్తర దక్షిణాలుగా ఉంది.

“అమ్మగారూ, ఇది మనది కాదండీ,” అన్నాడు ఆమోసు.

పాల్, నేను ఏడాదిపాటు కూర్చున్నది నాన్న దగ్గర కాదు. నువ్వు రోజూ చూసుకునే ఫోటో నాన్న సమాధిది కాదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఎక్కడున్నాడో గుర్తుపట్టలేకపోయాను. నీకు ఈ మాట రాయడానికి చాలా సిగ్గుగా ఉంది. నన్ను కోప్పడాలనుకుంటే కోప్పడు, కానీ మిగతాది చదివాక.

ఆ మట్టి కింద ఉన్నదెవరో, వాళ్ళవాళ్ళు చూసి ఎంత బాధపడ్డారో అని నాకు భయం పట్టుకుంది. తిన్నగా మస్తాన్‌బీ దగ్గరికి వెళ్ళి, ఆ సమాధి ఎవరిదో తెలుసా అని అడిగాను. ఆవిడ తల దించుకుంది.

“మా నాగూర్ మీరాదండీ. మా అబ్బాయి. హనుమాన్ జంక్షన్ దగ్గర బండి మీంచి పడి చనిపోయాడండీ. మీరు కూర్చున్న మొదటి రోజే నాకు తెలుసండీ,” అంది.

వాళ్ళింట్లో ఆడవాళ్ళు ఖబరస్తాన్ గేటు దాటే అలవాటు లేదట. ఇరవై రెండేళ్ళ కొడుకుని మట్టిలో పెడుతుంటే ఆ ఊచల్లోంచే చూసిందట. చోటు ఆవిడ కళ్ళల్లో ఉండిపోయింది, అందుకని వరద కూడా చెరపలేకపోయింది. మరి నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాను.

“చెబితే మీరు లేచి వెళ్ళిపోతారు కదండీ. వాడి దగ్గర ఒక అమ్మ కూర్చుంది, కూర్చోనీ అనుకున్నానండీ.”

ఆ కుర్రాడికి ఏడాదిగా నేనేం చెప్పానో తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా మోకాలి నొప్పి, నీ పెళ్ళి బెంగ, నాన్న తాగొచ్చిన రోజుల లెక్క, అన్నీ ఏకరువు పెట్టాను. ఇంత తాగితే ప్రాణం పోదా మరి అని తిట్టాను కూడా. పాపం వాడు టీ కూడా ముట్టేవాడు కాదట.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ మగవాళ్ళు లోపల అడుగుపెడుతూనే అక్కడున్న వాళ్ళందరికీ సలాం చెబుతారట, మనుషులున్న ఇంటికి వెళ్ళినట్టే. పడుకున్నవాళ్ళు వింటారని, బదులు కూడా చెబుతారని వాళ్ళ నమ్మకం. ఇన్నేళ్ళుగా సున్నం బకెట్టుతో, చీపురుతో లోపలికి వెళ్తున్నాను, గుమ్మంలో ఒక్క పలకరింపు కూడా లేకుండా.

ఈలోగా ఆమోసు తాడు నుంచి కొలుచుకుంటూ మూడో వరుసలో తవ్వాడు. పారకి సిమెంటు పలక తగిలింది. తుడిస్తే లాజరు అన్న పేరు బయటపడింది. నాన్న దొరికారు. తీరా ఆయన ముందు కూర్చుంటే చెప్పడానికి నా దగ్గర కొత్త కబురు ఒక్కటీ లేదు. అందుకని ముందు పలకరించాను. ఎలా ఉన్నారండీ అన్నాను.

అప్పుడే నాకు తోచింది. మస్తాన్‌బీ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, ఆ గేటు దాటొద్దు, మా తోట గేటులోంచి రండి, తాడు దాకా మా నేలే అన్నాను. ఆవిడ కొట్టు తలుపు దగ్గరగా వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని నా వెంట వచ్చింది. తాడుకి ఇవతల కూర్చుంది. కొడుకు అవతల మూరెడు దూరంలో ఉన్నాడు.

“అస్సలాము అలైకుం, నాన్నా,” అంది.

అని ఆగింది. ఆమోసు పార కింద పెట్టేశాడు. నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను. ఇంతవరకూ ఏ గుడిలోనూ, ఏ పండుగలోనూ నేను అంత నిశ్శబ్దం ఎరగను. నాకేమీ వినపడలేదు పాల్. ఆవిడ మాత్రం కాసేపు విని, సరేనన్నట్టు తలాడించింది. ఆ మొహం చూశాక నాకు దేవుడంటే కొత్తగా భయం వేసింది, ప్రేమా కలిగింది. ఆవిడ తాడు కిందినుంచి చెయ్యి పోనిచ్చి ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించి, పొద్దు వాలేదాకా అలాగే ఉండిపోయింది.

రాయి కొత్త చోటులో బిగించే రోజుకి సెలవు పెట్టుకుని రా. గోడ ఎంత ఎత్తు లేపాలో పెద్దలనడిగి చెప్పమన్నాడు ఆమోసు. ఫాదర్ గారి దగ్గరికీ, మసీదు పెద్దల దగ్గరికీ నేనే వెళ్తున్నాను. వాళ్ళకివ్వాల్సిన అర్జీలో అడుగులూ అంగుళాలూ రాయడం నాకు చేతకాదు, అది నువ్వు రాసి పంపు. కింద కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అవతలి మట్టి అందాలి, అంతే ఎత్తు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తున్న
మీ అమ్మ,
తెరేసమ్మ.