జోడిల నా పేరు కొట్టేయి

నీ బిడ్డను, నన్ను అడగకుండనే చెరుకు మేస్త్రి తాన అడ్వాన్సు తీసుకొని, చెరుకు నరకనీకి తమ్ముడు మహంతేష్‌కు జోడిగ నా పేరు రాయించినవ్ అప్పా. జోడి లేని మనిషిని మేస్త్రి తీసుకోడు, నాకెరుకే. ఇంటర్ అయినంక గూడ గిట్లనే తోలినవ్. నా చదువు ఆ చెరుకు తోటల్నే ఆగింది.

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నవ్, అందుకే కార్డు. పోస్టాయన చదివినా, ఊరంతా చదివినా నాకు సిగ్గు లేదు.

ఇక్కడ ఖేడ్‌ల డిగ్రీల చేరిన. రెండుసార్లు కాలేజీ గేటు దాక పోయి భయపడి మర్లొచ్చిన. నేను పనిచేసే కుట్టు దుకాణం సర్దార్ బీ తిట్టింది: "బట్ట కోసేటప్పుడు వణకని చెయ్యి గేటు తీయనీకి వణుకుతదా? నడువ్." లోపలికి పోతే పిల్లలు కొత్త మేడమనుకొని లేసి నిలబడ్డరు. నేను పోయి వెనక బెంచీల కూసుంటే అందరు నవ్విండ్రు. నవ్వనియ్యి. నేను లేవలే.

అవ్వ చేతి పుండు మానిందా? పసుపు పెట్టుకుంట కూసోకుండ దవాఖానకు తీస్కపో. అవ్వ సల్లగుండాలె.

మేస్త్రి అంగడికి వచ్చినప్పుడు నా పేరు కొట్టేయించు. దీపావళి అమాస లోపట నాకు జవాబు రావాలె. రాకుంటే లారీల మహంతేష్ పక్కన జోడిగ నువ్వే ఎక్కు.

సుమంగళ