ఇంజను మళ్లీ బావిలోకి దిగింది

నాయనా,

ఇవాళ నీ సాంవత్సరికం. మన ఇంజను ఆడుతున్నా పంపు నీళ్లు తోడలేదు. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులో బురద తీశాను, లోపల గాలి చేరకుండా పంపులో పేడనీళ్లు పోశాను. లోపం వాటిలో లేదు. నీళ్లే పంపు లాగలేనంత లోతుకు పోయాయి. అందుకే చిన్నాయన ఇంజనును బావి లోపల నీళ్లకు పైనున్న గట్టు మీదికి దింపించాడు, నిరుడు నువ్వు దింపినట్టే.

“బాయిలో నిండిన ఇంజను పొగే నాయనను సంపింది చిన్నాయనా. దాన్ని విషవాయువు అంటారని బళ్లో చెప్పినారు,” అన్నాను.

“పేరు శానా బాగుండాదప్పా. ఎండిపోతాండే మిరపచేనికి చెప్పు పో.”

సాయంత్రం ఇంజను ఆగాక, లోపల మంచి గాలి ఉందో లేదో చూద్దామని వెలిగించిన లాంతరును తాడుకు కట్టి బావిలోకి వదిలాను. సగం దూరంలోనే ఆరిపోయింది.

“గాలికి ఆరిందిలే,” అన్నాడు చిన్నాయన. అప్పుడు చింతాకు కూడా కదలడం లేదు.

పొద్దున్నే ఇంజనుకు నూనె పోయడానికి దిగుతాడట. ఆయన నడుముకు మోకు కడతాను. పైకి లాగడానికి ఇక అమ్మా నేనే ఉన్నాము.