కాలికి కట్టిన దిష్టితాడు

రాజపాళయం,
కీలక సంవత్సరం, ఆడి నెల

అక్క సీతమ్మాళ్‌కు,

నీ తమ్ముడు చిన్నయ్యరాజా దండం. చిన్నమనూరులో నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నాన్న మన ముగ్గురికీ ఇసుకలో అక్షరాలు దిద్దించాడు కాబట్టి సరిపోయింది, ఈ మాట ఇంకెవరి చేతా రాయించలేను. సేతురామను చూస్తే నాకు కడుపు మండిపోతోంది. సొంత తమ్ముడే. అయినా మండుతోంది.

మన వేటకుక్క ఈనిన సంగతి నీకు తెలుసు. నాన్న రెండు తెల్లపిల్లలను ఏరి మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు. ఏది బాగా ఎదిగితే దాన్ని పందివేటకు తన పక్కన నడిపిస్తానన్నాడు. మొదట్లో నాదే పెద్దది. సేతురామ దాన్ని ఎత్తుకుని, "అన్నా, నీ పిల్ల ఎంత అందంగా ఉండాదో!" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చిన్నప్పటి నుంచీ అంతే కదక్కా, నాన్న ఒళ్లో చోటు వాడిదే, మెప్పూ వాడిదే. నాకు ఒక్క మంచి కుక్క దక్కితే దానిమీదా వాడి కన్నే. ఆ సాయంత్రమే కోవెల నుంచి మంత్రించిన నల్లతాడు తెచ్చి, పిల్ల ముందరి కాలికి మణికట్టు పైన కట్టాను. అలాంటి తాడు తానుగా తెగి పడేదాకా విప్పకూడదు కదా.

అయినా ఏం లాభం? వాడి పిల్ల కాళ్లు చాచి పరుగెడుతోంది. నా దానికి ఆ కాలే పొట్టిగా మిగిలి లోపలికి వంగిపోయింది, పాదం వాచింది. వాడి దిష్టి ఎంత గట్టిదో చూడు! పాత తాడు మీద ఇంకో తాడు బిగించి, పైన పసుపుగుడ్డ చుట్టాను. నిన్న నాన్న వాడి కుక్క వీపు నిమిరి, నా దాన్ని చూసి "పావం" అన్నాడు. నాకు అన్నం దిగలేదు. ఇక వాడితో ఒక ఇంట్లో ఉండలేను. ముంగిట్లో అడ్డంగా గోడ పెట్టిస్తాను. పెద్దమనిషిగా బావను పంపించు.

నీ తమ్ముడు,
చిన్నయ్యరాజా


రాజపాళయం,
ఆవణి నెల

అక్కా,

బావను పంపవద్దు. ఆయన బండి కట్టకముందే ఇది నీ చేతికి అందితే బాగుండు.

గోడకు మట్టి తొక్కిస్తుంటే నా పిల్ల నడవలేక కూలబడి మూలిగింది. సేతురామ ఆ మట్టి దాటి వచ్చాడు. ముట్టవద్దని అరిచాను. వాడు వినకుండా పసుపుగుడ్డ విప్పాడు. తాళ్లు రెండూ తోలులోకి దిగిపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని పిల్ల పాదం మీద పెట్టాడు. చల్లగా ఉంది.

"కాలు పెరుగుతా ఉండాది, తాడు పెరిగేదా అన్నా? రత్తం రాకపోతే ఎముక ఎట్లా ఎదుగుతాది? వేటలో పందిపిల్లల్ని కోసినప్పుడు చూడలేదా, కీలు దగ్గర ఎముక మెత్తగా, ఎర్రగా ఉండేది? ఆడనే కదా అది పెరిగేది. సరిగ్గా ఆడనే బిగించినావే!" అంటూ కత్తిమొనతో మెల్లగా తాళ్లు కోశాడు. పిల్ల కేకపెట్టింది. కాసేపటికి పాదం వెచ్చబడింది.

ఇప్పుడు వాపు తీసింది, పుండు మానుతోంది. కానీ ఆ కాలు ఇక మిగతావాటిని అందుకోదు. నా కుక్క కుంటుతూనే బతకాలి, వేటకు పనికిరాదు. దిష్టి అని నమ్మి నా చేతులతో నేనే దాని కాలు చెరిచాను.

ఆ రోజే వాణ్ణి అడిగాను, "మరి నీ పిల్లకు తాడెందుకు కట్టలేదురా?" అని. వాడు కత్తి తుడుచుకుంటూ వింతగా చూశాడు.

"మన ఇంట్లో దిష్టి పెట్టేవాళ్లు ఎవరుండారన్నా?"

గోడ మానుకున్నాను. వాడి కుక్క మీద నాకిప్పుడు కోపం లేదక్కా, నిజం. కానీ ఆ మాట అంత తేలిగ్గా అనగలిగాడే, ఆ మనసు వాడికి దక్కి నాకు దక్కనందుకు మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను.

చిన్నయ్య